పాత డయానా 27: బ్యారెల్ 100 మి.మీ. కోసిన డైరీ

నా గాలి తుపాకీ మీద పేరు విన్‌చెస్టర్ 427. పేరు మాత్రమే అమెరికాది. తయారైంది పశ్చిమ జర్మనీలోని రాస్టాట్‌లో, డయానా 27గా. 1970ల తొలినాళ్లలో దాన్నే ఇక్కడ అమెరికాలో విన్‌చెస్టర్ ముద్రతో అమ్మారు. నా దాని గొట్టం వెనక చిన్న అంకెల్లో 04 71 అని ఉంది, అంటే 1971 ఏప్రిల్. 5.5 మి.మీ. బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం), స్ప్రింగు పిస్టన్, బ్యారెల్‌నే మడిచి కాక్ చేసే, అంటే స్ప్రింగుని నొక్కి కాల్చడానికి సిద్ధం చేసే రకం. పాత యజమాని దాన్ని ఏళ్ల తరబడి గ్యారేజీ మూలన మూతి నేలకు ఆనించి నిలబెట్టాడు. కాంక్రీటు చెమ్మకి మూతి లోపల తుప్పు తినేసింది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. నేనుండేది టెక్సాస్. అమెరికా ఫెడరల్ చట్టం గాలి తుపాకీని ఫైర్ఆర్మ్‌గా లెక్కించదు. రాష్ట్రాల లెక్కలు వేరు, న్యూజెర్సీలో అది ఫైర్ఆర్మే. ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని చదవండి గానీ చేయకండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. పైగా 1959 ఆయుధాల చట్టంలో ఆరో సెక్షన్, లైసెన్సు లేకుండా తుపాకీ బ్యారెల్ కురచ చేయడం గురించే.

దశ 0: కోయక ముందు కొలతలు

పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ నాది కాదు. పదేళ్లుగా ఈ పిచ్చి ఉన్న ఒక తమ్ముడి దగ్గర అరువు తెచ్చాను. పెల్లెట్లు ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, 11.9 గ్రెయిన్లు, అంటే 0.771 గ్రాములు. పోలికకి మొదటి నుంచి చివరి దాకా ఇదే డబ్బా.

కాకింగ్‌కు పట్టే బలం కొలవడానికి ఇండియా ప్రయాణాలకు వాడే లగేజీ తూకం వాడాను. సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని చూసుకునే ఆ కొక్కెం తూకమే. కొక్కేన్ని మూతికి 10 మి.మీ. వెనక తగిలించి, ఎక్కువలో ఎక్కువ ఎంత చూపిస్తుందో రాసుకున్నాను.

- బ్యారెల్ పొడవు: 438 మి.మీ.
- మొత్తం పొడవు: 1,055 మి.మీ.
- బరువు: 2,640 గ్రా.
- పివట్ బోల్టు (బ్యారెల్ మడిచే కీలు) నుంచి కొక్కెం దాకా: 405 మి.మీ.
- కాకింగ్ బలం: 8.6 కిలోలు
- వేగం, 10 షాట్ల సగటు: సెకనుకు 139.6 మీటర్లు (7.5 జౌళ్లు)
- 10 మీటర్లలో 5 షాట్ల గుంపు (చిల్లుల మధ్య అత్యధిక దూరం): 24 మి.మీ.

ఈ తుపాకీ ఆరోగ్యంగా ఉంటే 10 మీటర్లలో 24 మి.మీ. చాలా ఎక్కువ. మా నుమాయిష్‌లో బెలూన్ల స్టాలు వాడి తుపాకీ దీనికంటే నయం. వాడిది వంకరే అయినా, ఒకే వంకర.

మూతిలోకి టార్చి వేసి చూస్తే తుప్పు గుంటలు మొదటి 12 మి.మీ. వరకే ఉన్నాయి. ఆ అంకె డైరీలో రాసుకున్నాను. రాసుకుని కూడా 100 మి.మీ. కోయాలని నిర్ణయించాను. పొట్టి కార్బైన్ లాగా చేతిలో ఇమడాలన్న కోరిక, అంతకు మించి కారణం లేదు. ఇక్కడ చేయాల్సిన ఇంకో పరీక్ష ఉంది, అది చేయలేదు. ఏమిటో మూడో దశలో వస్తుంది.

గంటలు: రెండున్నర. ఖర్చు: 0.

దశ 1: కోత

1. కాక్ చేసి లేదని రెండుసార్లు చూసుకోండి. ఈ మోడల్‌కి సేఫ్టీ లేదు, బ్యారెల్ మడిచి ఉండగా ట్రిగ్గర్ నొక్కినా ఆపే ఏర్పాటు లేదు. ఆ స్థితిలో నొక్కితే బ్యారెల్ విసురుగా పైకి లేస్తుంది. మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది, లేకపోతే బ్యారెల్ వంగుతుంది.
2. కర్ర (తుపాకీ చెక్క భాగం) విప్పి, పివట్ బోల్టుకి ఉన్న లాకింగ్ స్క్రూ తీసి, బోల్టు తీసి, బ్యారెల్‌ని విడిగా పెట్టండి. పివట్‌కి రెండు వైపులా ఉన్న వాషర్లు ఏ వైపువి ఆ వైపే ఉండాలి. ఫోన్‌లో ఫోటో తీసుకోండి.
3. పాత బెల్టు తోలు రెండు ముక్కలు వైస్ దవడలకు వేసి బ్యారెల్ బిగించండి.
4. కోయాల్సిన చోట రెండు హోస్ క్లాంపులు, మధ్యలో బ్లేడు పట్టేంత సందు. ఇదే గైడు.
5. అంగుళానికి 32 పళ్ల బ్లేడు. మెల్లగా, చుట్టూ తిప్పుకుంటూ.

కోసే ముందు గ్రీజు పూసిన గుడ్డముక్కని కోత గీత కిందకి దింపాను, రజను బ్యారెల్ లోపలికి పోకుండా. అంతవరకు బాగానే ఉంది. కోశాక ఆ గుడ్డని మూతి వైపు నుంచి రాడ్డుతో లోపలికి తోశాను. వెనక నుంచి ముందుకి తోయాలి. నేను తోసిన దిక్కుకి ఆ రజనంతా రైఫ్లింగ్ (బోరులోని మెలి గాడులు) పొడవునా ఈడ్చుకుంటూ వెళ్లి, బ్యారెల్ వెనక చివర ఉండే తోలు సీలులో దిగింది. భూతద్దం కింద మూడు మెరుపులు కనిపించాయి. మా ఆవిడ కుట్టు సూదితో ఒక్కోటి గీరి తీయడానికి గంట పట్టింది. అందులో ఒక్కటి మిగిలినా అది పిస్టన్ గొట్టంలోకి చేరి గోడని గీరేది.

తెగిన ముక్క వంటింటి తూకంలో 121 గ్రాములు. పారేయలేదు, మంచిదైంది.

గంటలు (మొదటి నుంచి కలిపి): ఐదున్నర. ఖర్చు: బ్లేడు 6, క్లాంపులు 4. మొత్తం 10 డాలర్లు.

దశ 2: మూతి చదును, రెండుసార్లు తప్పు

పెల్లెట్ తోక మూతిని వదిలే క్షణంలో దాని వెనకున్న గాలి అన్ని వైపులా ఒకేసారి బయటపడాలి. ఒక వైపు ముందే దారి దొరికితే అటు నుంచి తోపు పడి పెల్లెట్ తల తిప్పుతుంది. అందుకే మూతి బోరుకి సరిగ్గా లంబంగా ఉండాలి, అంచు చుట్టూ ఒకేలా ఉండాలి.

మొదటి ప్రయత్నం ఆకురాయి, మూలమట్టం. పది సార్లు రాయడం, ఒకసారి మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడడం. కంటికి చదునుగానే ఉంది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి ఆకులు) పెడితే ఒక వైపు 0.15 మి.మీ. ఆకు దూరింది. దాన్ని సరిచేయబోతే రెండో వైపు 0.10. అలా గంటన్నరలో అటూ ఇటూ కలిపి ఒకటిన్నర మి.మీ. అరిగిపోయింది. మూలమట్టాన్ని నేను ఆనించింది బ్యారెల్ పైభాగానికి, బోరుకి కాదు అన్నది తర్వాత వెలిగింది. కొన్ని బ్యారెళ్లలో బోరు సరిగ్గా నడిమధ్యలో, పైభాగానికి సమాంతరంగా ఉండదు. పైన ఎంత కచ్చితంగా కొలిచినా లోపలికి అది సాక్ష్యం కాదు.

రెండో ప్రయత్నం అందరూ చెప్పే చిట్కా: గుండ్రటి తల ఇత్తడి స్క్రూ, ఇంజను వాల్వులు నూరే పేస్టు, చేతి డ్రిల్లు. స్క్రూ తల బోరు అంచులో కూర్చుని, తిరుగుతూ అంచుని సమంగా నూరాలి. నేను కరెంటు డ్రిల్లు వాడాను, అదీ కదలకుండా నిటారుగా పట్టుకుని. స్క్రూ తల మధ్యలో ఉన్న గాడి ఒకే చోట కొరికి, అంచు గుడ్డు ఆకారంలోకి వచ్చింది. ఇయర్ బడ్ లోపల పెట్టి బయటకి లాగితే ఒక పక్క దూది పోగులు చిక్కుకున్నాయి. అంటే అక్కడ ఇంకా మొన ఉంది.

అయినా బిగించి కాల్చి చూశాను. 10 మీటర్లలో 41 మి.మీ., గుంపంతా ఎడమకి. తుప్పు మూతికంటే నా మూతే అధ్వాన్నం.

ఈ పద్ధతి పనికిరాదని కాదు. చేతితో తిప్పే డ్రిల్లు తీసుకుని, తిప్పుతున్నంతసేపు దాని వెనక చివరని ఎనిమిది అంకె రాసినట్టు ఊపుతూ ఉండాలి. అప్పుడే స్క్రూ తలలోని అన్ని భాగాలూ అరుగుతాయి, అంచు గుండ్రంగా వస్తుంది. అయితే ముందు మూతి చదును అయి ఉండాలి. వంకర ముఖాన్ని ఇది బాగుచేయదు.

గంటలు: తొమ్మిదిన్నర. ఖర్చు: పేస్టు 9, స్క్రూలు 3. మొత్తం 22.

దశ 3: కట్టర్ కొన్నాను, అసలు తప్పు బయటపడింది

ఇక డబ్బు ఖర్చు పెట్టాను. బోరులో దూరే ఇత్తడి పైలట్, దాని మీద తిరిగే కట్టర్. పైలట్ బోరునే ఆధారం చేసుకుంటుంది కాబట్టి పైభాగం ఎలా ఉన్నా పర్లేదు. పైలట్ వెర్నియర్‌లో 5.48, నా బోరులో దూరలేదు. డ్రిల్లులో పెట్టి తిప్పుతూ ఎమరీ పేపరుతో 5.44కి దించితే, నూనె చుక్కతో బిగువుగా జారింది. బలవంతంగా కొట్టి దూర్చకండి, గాడుల గట్లు దెబ్బతింటాయి.

1. కటింగ్ ఆయిల్ రెండు చుక్కలు, కట్టర్ ఎప్పుడూ ఒకే దిక్కుకి. వెనక్కి తిప్పితే పళ్లు కంపించి అలల గీతలు పడతాయి.
2. ముఖం మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. నలుపు అంతా పోయాక ఆపండి. నాకు పద్దెనిమిది చుట్లు పట్టింది.
3. తర్వాత 45 డిగ్రీల కట్టర్‌తో లోపలి అంచుకి సన్నటి వాలు. మూడు చుట్లు చాలు.
4. చివరగా ఇత్తడి స్క్రూ, పేస్టు, చేతితో, ఎనిమిది అంకె వేస్తూ ఒక నిమిషం.
5. ఇయర్ బడ్ పరీక్ష. ఈసారి ఒక్క పోగూ చిక్కలేదు.

బ్యారెల్ ఇప్పుడు 336 మి.మీ. ఆకురాయి, కట్టర్ కలిసి రెండు మి.మీ. తిన్నాయి.

వేగం సగటు 137.9, అంటే 7.3 జౌళ్లు. నూరు మి.మీ. పోతే పోయింది సెకనుకు రెండు మీటర్ల లోపే. స్ప్రింగు తుపాకీలో పిస్టన్ గాలిని నొక్కడం కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. పెల్లెట్ తన వేగంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని అంగుళాల్లోనే అందుకుంటుంది. చప్పుడు మాత్రం కొంచెం పెరిగింది.

గుంపు: 13 మి.మీ. బాగుంది కదా అని పది షాట్లు కాల్చాను. ఎనిమిది అక్కడే, రెండు మాత్రం చెప్పాపెట్టకుండా 30 మి.మీ. దూరంలో. మళ్లీ పది, మళ్లీ రెండు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"అన్నా, కోసే ముందు పెల్లెట్ లోపల తోసి చూశావా?"

"లేదు."

"మరి ముక్క దాచావా, అది కూడా పారేశావా?"

దాచాను. వంటింటి తూకం మీద రాడ్డు నిలబెట్టి, దాని కొసన పెల్లెట్ పెట్టి, బ్యారెల్‌ని పై నుంచి కిందకి నొక్కుతూ తూకం చూశాను. పెల్లెట్ కదలడానికి ఎంత బలం కావాలో అదే చెబుతుంది.

- బ్యారెల్ మధ్యలో: 1.2 కిలోలు
- కొత్త మూతి దగ్గర: 1.1 కిలోలు
- తెగిన ముక్కలో, పాత మూతి నుంచి 15 మొదలు 45 మి.మీ. వరకు: 2.1 కిలోలు

ఆ ముప్పై మి.మీ. బిగువునే చోక్ అంటారు. పెల్లెట్లన్నీ ఒకే సైజులో ఉండవు. బయటకి వెళ్లే ముందు ఆ బిగువు అన్నిటినీ ఒకే సైజుకి నొక్కి పంపుతుంది. నా బ్యారెల్‌లో అది కావాలని చేసిందో, సైటు గాడి కోసినప్పుడు వచ్చిన నొక్కో చెప్పలేను. పని మాత్రం చేస్తోంది. తుప్పు 12 మి.మీ. వరకు, బిగువు 15 నుంచి. అంటే 14 మి.మీ. కోస్తే తుప్పు పోయేది, చోక్ మిగిలేది.

కోయకముందు ఒక్క పెల్లెట్‌ని వెనక నుంచి రాడ్డుతో తోసి ఉంటే చేతికే తెలిసేది. దశ 0లో నేను ఎగ్గొట్టిన పరీక్ష ఇదే. రెండు నిమిషాల పని.

పోయిన బిగువు మళ్లీ రాదు. చేయగలిగింది, కాస్త లావు పెల్లెట్ వాడడం. తల 5.54 మి.మీ. ఉన్న 14.7 గ్రెయిన్ల రకం ఒక డబ్బా తెచ్చాను. కొత్త మూతి దగ్గర 1.6 కిలోలు పట్టింది. పది షాట్ల గుంపు 15 మి.మీ., ఈసారి ఒక్కటీ తప్పిపోలేదు. వేగం 122, శక్తి 7.1 జౌళ్లు.

గంటలు: పన్నెండున్నర. ఖర్చు: కట్టర్, పైలట్ 64, పెల్లెట్లు 17. మొత్తం 103.

దశ 4: బ్యారెల్ అంటే పిడి కూడా

వేగం గురించి దిగులుపడినంతగా నేను కాకింగ్ గురించి ఆలోచించలేదు. ఈ రకం తుపాకీలో బ్యారెలే మీట. మీట కురచైతే బలం పెరుగుతుంది. లెక్క ఐదో తరగతిది: 8.6 ని 405 తో గుణించి 303 తో భాగిస్తే 11.5. లగేజీ తూకం 11.6 చూపించింది.

మూడు కిలోలే కదా అనిపిస్తుంది. ఇరవై షాట్లు కాల్చండి. నలభై దాటేసరికి ఎడమ మణికట్టు లాగడం మొదలైంది. పైగా చేయి పెట్టడానికి సైటు లేని నున్నటి మూతి, నూనె చేత్తో పట్టుకుంటే జారుతుంది. ఒకసారి సగం మడిచాక జారింది. ట్రిగ్గర్ ఇంకా పిస్టన్‌ని పట్టుకోలేదు కాబట్టి బ్యారెల్ వెనక్కి తన్నుకుని మూసుకుంది. వేళ్లు మూతి దగ్గరే ఉన్నాయి కాబట్టి బతికాయి.

పక్క వీధిలో రిటైర్ అయిన మెషినిస్టు ఒకాయన ఉన్నారు, ఇంట్లో చిన్న లేతు ఉంది. మూతికి తొడిగే గొట్టం (స్లీవ్) చేయించుకోవడానికి 25 మి.మీ. అల్యూమినియం కడ్డీ పట్టుకుని వెళ్లాను. కొలతలు:

- పొడవు 75 మి.మీ., బయటి వ్యాసం 22
- వెనక 30 మి.మీ. బ్యారెల్ మీద కూర్చుంటుంది, లోపలి వ్యాసం 15.1
- ముందు 45 మి.మీ. మూతి దాటి ఉంటుంది, లోపల రంధ్రం 12
- రెండు వరసల్లో ఆరు గ్రబ్ స్క్రూలు (తల లేనివి)

ముందు రంధ్రం నేను 6.5 అడిగాను, చూడ్డానికి అందంగా ఉంటుందని. కాల్చితే పెల్లెట్లు పక్కకి పడుకుని కాగితానికి తగిలాయి, చిల్లు గుండ్రంగా కాక తాళంచెవి రంధ్రంలా పడింది. లోపలి అంచు మీద సీసం మరక. స్లీవ్ వెంట్రుకంత వంకరగా కూర్చున్నా 45 మి.మీ. పొడవున పెల్లెట్ దాన్ని రాసుకుంటుంది. మళ్లీ లేతు మీద 12కి పెంచాం. ఇది ఉత్త ఖాళీ గొట్టం. లోపల గదులు పెట్టి చప్పుడు తగ్గించే పని అనుకోకండి, దాని చట్టం వేరు.

ఇప్పుడు పివట్ నుంచి కొక్కెం దాకా 348 మి.మీ., బలం 10.0 కిలోలు. పట్టు కూడా దొరికింది.

మజూరీ అడిగితే ఆయన వద్దన్నారు. మా ఆవిడ మైసూర్‌పాక్ డబ్బా పంపింది. రెండోసారి వెళ్లినప్పుడు ఖాళీ డబ్బా కడిగి టేబుల్ మీద పెట్టి ఉంది.

గంటలు: పదిహేడున్నర. ఖర్చు: కడ్డీ 14, స్క్రూలు 5. మొత్తం 122.

దశ 5: ముందు సైటు

పాత సైటు కూర్చునే గాడి తెగిన ముక్కతో పాటే పోయింది. స్లీవ్ పైభాగంలో చదును చేసి సైటుని రెండు చిన్న స్క్రూలతో బిగించాం. మొదటి షాటు 10 మీటర్లలో 60 మి.మీ. పైన. వెనక సైటు పూర్తిగా దించినా సరిపోలేదు.

సైట్ల మధ్య దూరం ఇప్పుడు 348 మి.మీ. (కాకింగ్ కొలత కూడా అదే రావడం యాదృచ్ఛికం). 10,000 ని 348 తో భాగిస్తే 28.7. అంటే ముందు సైటు ఒక మి.మీ. ఎత్తు పెరిగితే దెబ్బ 28.7 మి.మీ. కిందకి దిగుతుంది. 60 దిగాలంటే 2.1 మి.మీ. ముందు సైటు పెంచితే దెబ్బ దిగుతుంది, వెనక సైటు పెంచితే దెబ్బ లేస్తుంది. ఇది తలకిందులుగా గుర్తు పెట్టుకుని మొదట సైటునే ఆకురాయితో రాయబోయాను, చేయి ఆగింది.

ఇత్తడి పట్టీ 2 మి.మీ. మందంది సైటు కింద పెట్టాను. దెబ్బ 3 మి.మీ. పైన పడింది, మిగతాది వెనక సైటుతో సరిపోయింది.

గంటలు: పందొమ్మిదిన్నర. ఖర్చు: పట్టీ 4. మొత్తం 126.

దశ 6: మిగిలిన చిల్లర పనులు

కోసిన ముఖానికి కోల్డ్ బ్లూ, అంటే ఉక్కుకి నల్లటి నీలి రంగు పట్టించే ద్రావణం. ముందు నూనె జిడ్డు పూర్తిగా పోవాలి, లేకపోతే మచ్చలు పడుతుంది. మూడు పూతలు, మధ్యలో సన్నటి స్టీల్ ఊలు. రంగు పాత బ్లూకి దగ్గరగా రాలేదు, స్లీవ్ కింద కనిపించదు కాబట్టి వదిలేశాను.

పివట్ బోల్టు బిగువు మళ్లీ సరిచేశాను. కాక్ చేసి వదిలేస్తే బ్యారెల్ ఏ కోణంలో అయినా దానంతట అది నిలవాలి, సొంత బరువుకి వాలకూడదన్నది పాత పరీక్ష. బ్యారెల్ తేలికైంది కాబట్టి వదులుగా ఉన్నా ఇప్పుడు నిలబడిపోతుంది. అందుకని స్లీవ్ బిగించి, దాని మీద పాత ముక్క టేపుతో చుట్టి, ఆ బరువుతో పరీక్షించాను. పావు చుట్టు బిగించాల్సి వచ్చింది.

గంటలు: ఇరవై ఒకటి. ఖర్చు: కోల్డ్ బ్లూ 11. మొత్తం 137 డాలర్లు, తుపాకీ ధర కాకుండా.

చివరి కొలతలు, పక్కన పాతవి:

- బ్యారెల్: 336 (438)
- మొత్తం పొడవు, స్లీవ్‌తో: 998 (1,055)
- బరువు: 2,570 గ్రా. (2,640)
- కాకింగ్ బలం: 10.0 కిలోలు (8.6)
- వేగం, హాబీ పెల్లెట్: 137.9 (139.6)
- గుంపు: లావు పెల్లెట్‌తో పది షాట్లు 15 మి.మీ. (హాబీతో ఐదు షాట్లు 24)

స్లీవ్ తిరిగి కలిపాక నికరంగా కురచైంది 57 మి.మీ. మా తమ్ముడు దాన్ని డాలరుకి ఎన్ని మి.మీ. అని లెక్కగట్టి పంపాడు, ఇక్కడ రాయను.

తెగిన ముక్క ఇప్పుడు టేబుల్ మీద ఉంటుంది. ఏ కొత్త డబ్బా వచ్చినా ముందు అందులోంచి పది పెల్లెట్లు ఆ ముక్కలోంచి తోసి తూకం చూస్తున్నాను. నిన్న వచ్చిన డబ్బాలో ఎనిమిది 2.3 దగ్గర, రెండు 1.5 దగ్గర. డబ్బా వెనక్కి పంపేశాను.